ఒకటో రకం

ట్ంగ్. ట్ంగ్. ట్ంగ్. టప్.

టప్‌మన్న కప్పుని ఆవిడ కన్నెత్తి చూడకుండానే ఎడమవైపు బుట్టలో వేసి ఇంకోటి అందుకుంది. కప్పుని మూడు వేళ్ళ మీద నిలబెట్టడం, కుడిచేతిలోని చెక్కపుల్లతో అంచు మీద ఒక్కసారి తట్టడం, విని పక్కన పెట్టడం. ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఆవిడ చేస్తున్నది ఇదే. బట్టీలోంచి వచ్చిన కప్పులో కంటికి ఆనని పగులు ఉంటే అది చెవికి దొరికిపోతుంది. నిక్షేపంలాంటి కప్పు మోగుతుంది. పగులున్న కప్పు ఎవరో నోరు నొక్కేసినట్టు ఆగిపోతుంది. ఈ రెండింటి మధ్యలో ఇంకా బోలెడు తేడాలున్నాయి. అన్నిటికీ కలిపి ఫ్యాక్టరీ వాళ్ళు అయిదు రకాలు పెట్టారు. ఖంగున మోగింది ఒకటో రకం. అది పెద్ద హోటళ్ళకి వెళుతుంది. అయిదో రకం పొడి కొట్టించుకుని మళ్ళీ మట్టిలో కలుస్తుంది.

పైన ఫ్యాన్లు రొద చేస్తున్నాయి, తోపుడు బళ్ళు గడగడమంటూ తిరుగుతున్నాయి. అవతల పెట్టెలకి మేకులు కొడుతున్నారు. ఇంత రభసలో ఒక చిన్న మోతని పట్టుకోవడం ఎలాగని కొత్తవాళ్ళు అడిగితే, "మిగతావి వినకూడదు, అంతే" అనేది ఆవిడ, అదేదో వంటింట్లో ఉప్పు వేసినంత తేలికన్నట్టు. అందుకే ఆవిడకి చెవులమ్మ అని పేరు. ఆ పేరు పెట్టిన సూపర్‌వైజరు రిటైరై వెళ్ళిపోయాడు గానీ పేరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

"అక్కా, ఇవాళ పొద్దున ఎవరు దొరికారు?" పక్క బల్ల అమ్మాయి అడిగింది. ఆ అమ్మాయి చేరి రెండేళ్ళయింది. ఇంకా కప్పుని రెండుసార్లు తట్టి చూసుకుంటుంది.

"ఎవరో మగాయన. వార్తలు చదువుతూ తుమ్మాడు."

"ఏ దేశమో?"

"ఏమో. భాష నాకేం తెలుసు? తుమ్ము తెలిసింది."

"వాళ్ళూ మనలాగే తుమ్ముతారా?"

"అచ్చం మా ఆయనలాగే. తుమ్మి, ఎవరూ వినలేదులే అన్నట్టు ఇంకాస్త గట్టిగా చదివాడు."

పక్క బల్ల అమ్మాయి నవ్వి చేతిలో కప్పు జారవిడవబోయి పట్టుకుంది. ఆవిడ నవ్వకుండా తన కప్పుని తట్టింది. ట్ంగ్. ఒకటో రకం.

ఈ రేడియో పిచ్చి ఆవిడకి పట్టుకుని పది నెలలవుతోంది. పట్టడానికి కారణం అత్తగారు. ఆవిడ మంచం పట్టి తొమ్మిదేళ్ళు ఉన్నారు. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి "ఏమ్మోయ్" అని పిలిచేవారు. ఆ పిలుపు కోసం కోడలి చెవి ఒకటి ఎప్పుడూ మేలుకునే ఉండేది. నిద్రలో ఉన్నా సరే, స్నానాల గదిలో కుళాయి కింద ఉన్నా సరే. పోయిన వానాకాలంలో అత్తగారు పోయారు. కార్యక్రమాలన్నీ అయిపోయి, చుట్టాలు వెళ్ళిపోయి, మంచం కూడా మడిచి లోపల పెట్టేశాక, నాలుగున్నరకి మెలకువ మాత్రం అలవాటు ప్రకారం వచ్చేది. వినడానికి ఏమీ ఉండేది కాదు. చీకట్లో కూర్చుని, పని లేని చెవులు పెట్టుకుని ఏం చేయాలో ఆవిడకి తోచేది కాదు. ఆవిడగారు పిలిచినన్నాళ్ళూ విసుక్కుంది. పిలవకపోతే ఇలా ఉంటుందని ఎవరైనా ముందు చెప్పి ఉంటే కాస్త తక్కువ విసుక్కునేదేమో.

అటక మీద ఒక రేడియో ఉండేది. భర్తకి బస్సు డ్రైవరుగా పాతికేళ్ళు ఒక్క ప్రమాదం లేకుండా నడిపినందుకు డిపోవాళ్ళు ఇచ్చింది. ఇచ్చిన రోజే మూగది. ఆవిడ దాన్ని దులిపి బజారు చివర రేడియోలు బాగుచేసే మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన లోపల ఒక తీగ అతికించి, "ఇందులో షార్టువేవు కూడా ఉందమ్మా" అన్నాడు, చీర కొంటే జాకెట్టు గుడ్డ కూడా ఉందన్నట్టు.

"అదేం చేస్తుంది?"

మేస్త్రీకి ఆ రోజు పని లేదు. స్టూలు వేసి కూర్చోబెట్టాడు. "ఊళ్ళో రేడియో ఉందే, అది తిన్నగా నడిచి వస్తుందమ్మా. ఇది అలా కాదు. పైకెగిరి ఆకాశానికి కొట్టుకుంటుంది, కిందపడుతుంది, మళ్ళీ ఎగురుతుంది. అలా గెంతుకుంటూ సముద్రాలు దాటేస్తుంది. తెల్లవారేటప్పుడూ పొద్దుగూకేటప్పుడూ బాగా గెంతుతుంది. ఒక రాగితీగ కిటికీలోంచి బయటికి వేలాడదీయండి. ట్యూబులైటు ఆర్పేయండి. ముల్లుని వెంట్రుకవాసి తిప్పండి. తొందరపడ్డారా, దేశాలకి దేశాలు దాటిపోతారు."

మర్నాడు నాలుగున్నరకి ఆవిడ వంటింటి కిటికీ దగ్గర కూర్చుని ముల్లు తిప్పింది. మొదట కరకర. తర్వాత ఎవరో పళ్ళెం మీద గరిటెతో కొడుతున్నట్టు టిక్కు టిక్కు. తర్వాత ఒక ఆడమనిషి పాట, గాలికి ఊగే తెరలాగా దగ్గరకొస్తూ దూరం పోతూ. ఆ తర్వాత, ఆ కరకరలోంచి ఒక గొంతు శుభ్రంగా తెలుగులో, "ఇవాళ ఇక్కడ మంచు కురుస్తోంది" అంది.

ఆవిడ చేయి తీసేసింది. ముట్టుకుంటే పారిపోతుందేమోనని భయం. అది సముద్రాల అవతల ఒక దేశం వాళ్ళు ఉదయం ఒకసారి, సాయంత్రం ఆరున్నరకి ఒకసారి మన భాషలో చెప్పే అరగంట ప్రోగ్రాం. చదివేది ఎప్పుడూ ఒకావిడే. నలభై ఏళ్ళుంటాయేమో, గొంతులో ఎప్పుడూ ఒక చిరునవ్వు దాచుకున్నట్టుండేది. ఆ రోజంతా ఫ్యాక్టరీలో ఆవిడకి మంచు గురించే ధ్యాస. ట్ంగ్ అంటే చాలు మంచు, ట్ంగ్ అంటే చాలు మంచు.

మేస్త్రీకి ఆ సంగతి చెబితే ఆయనకీ హుషారొచ్చింది. "విన్నది రాసి వాళ్ళకి పంపండి. నిజమే, మీరు విన్నది మమ్మల్నే అని వాళ్ళు కార్డు పంపుతారు. ఒక పుస్తకం పెట్టుకుని అయిదు గళ్ళు గీయండి. గొంతు బలం, పక్క స్టేషను అడ్డం, కరకర, ఎగుడుదిగుడు, మొత్తం మీద ఎలా ఉంది. ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు దాకా వేయాలి."

"వేస్తాను. నా పనే అది," అందావిడ.

అలా మొదలైంది. నాలుగు గోడల మీదా ఉండవలసినవి ఉన్న ఆ ఇంట్లో గోడకి రెండో గడియారం ఒకటి వచ్చి చేరింది. రేడియో వాళ్ళు వాడే ప్రపంచ కాలం అందులో ఉంటుంది. ఆ గడియారం చూసి భర్త ఒకరోజు మధ్యాహ్నపు భోజనం అయిదున్నర గంటలు ఆలస్యంగా తింటానని కూర్చున్నాడు. "ఆకలేస్తోంది గానీ టైము కాలేదు కదా అనుకున్నానే" అన్నాడు పాపం. ఆవిడ మాత్రం ఆ గడియారం ప్రకారం తారీఖు, గంట, నిమిషం, ఏ బ్యాండు, ఏం చెప్పారు, ఏ పాట వేశారు అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి, అయిదు గళ్ళలో అంకెలు వేసి, వారానికొకటి పోస్టు చేసేది. చదివినావిడకి జలుబు చేస్తే అది కూడా రాసేది. కార్డు మాత్రం రాలేదు.

మధ్యాహ్నం గంట కొట్టగానే గేటు దగ్గర భర్త డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. డబ్బా ఇవ్వడానికి ఆయనెప్పుడూ రాడు. పొద్దున ఆవిడే తెచ్చుకుంటుంది. ఇవాళ మర్చిపోయిందని సాకు. అసలు సంగతి ఆయన ఇంకో చేతిలో ఉంది.

"ఇదిగో, నీ విదేశీ చుట్టం రాసింది!" ఆయన గొంతు ఇంజను మీద మాట్లాడి మాట్లాడి పెరిగిపోయిన గొంతు. గేటు దగ్గరున్న వాళ్ళంతా తిరిగి చూశారు.

"మెల్లగా అనండి."

"మెల్లగానే అన్నాను కదే!"

కవరు లావుగా ఉంది. తెలియని స్టాంపు మీద ఒక పక్షి. లోపల ఒక కార్డు. కార్డు మీద మంచులో నిలబడ్డ ఎత్తయిన ఇనుప స్తంభం, దాని కింద ఆవిడ పేరు, తారీఖు, విన్నమాట నిజమే అని సంతకం. ఆవిడ దాన్ని చీర చెంగుతో తుడిచింది. దాని మీద ఏమీ లేదు, అయినా తుడిచింది. పక్క బల్ల అమ్మాయి అందుకుని క్యాంటీన్ అంతా తిప్పి తెచ్చింది. ఇప్పటి సూపర్‌వైజరు కూడా చూసి, "చెవులమ్మా, నీ చెవికి పాస్‌పోర్టు వచ్చింది" అన్నాడు. ఆవిడ ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగిపోయింది.

క్యాంటీన్ బల్ల దగ్గర భర్త పక్కన కూర్చుని, డబ్బా తీసి, అప్పుడు ఉత్తరం విప్పింది.

"అక్కయ్యగారికి, నమస్కారం. కార్డు ఇంత ఆలస్యమైనందుకు మన్నించండి. అచ్చు వేసినవి అయిపోతే కొత్తవి వేయడానికి మావాళ్ళు ఇష్టపడలేదు. ఎందుకో చివర చెబుతాను. ఇది పాత సొరుగులో మిగిలిన ఒక్కటి. ముందు మీ గురించి చెప్పాలి. మాది చిన్న విభాగం. నేనూ, ఒక ఇంజినీరు గారూ. ఆయన పెద్దాయన, మన భాష రాదు. మీ ఉత్తరంలో ఆయన చదవగలిగేది ఆ అయిదు అంకెలే. మొదటి ఉత్తరం చూసి ఆయన తిండి మానేశారు. అన్నీ ఒకట్లే. ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి. అంటే ఏమీ వినపడటం లేదన్నమాట. ఇంత ఘోరంగా ఉన్నా ఈవిడ వారం వారం వింటోందే, ఎంత ఓపిక అని మీ ఉత్తరాలు గోడకి అంటించారు. నాకైతే ఒకటే ఆశ్చర్యం, ఏమీ వినపడనప్పుడు నాకు జలుబు చేసిందని మీకెలా తెలిసింది?"

ఆవిడ నమలడం ఆపేసింది.

"చివరికి ఆయన పైవాళ్ళతో పోట్లాడి, ఒక్క మీ కోసం మా ప్రసారాన్ని వేరే బ్యాండుకి మార్పించారు. మార్చిన వారం మీ దగ్గర్నుంచి అన్నీ నాలుగులూ అయిదులూ వచ్చాయి. ఆ రోజు ఆయన మా ఆఫీసులో అందరికీ టీ ఇప్పించారు. ఆయనది ముప్పయ్యెనిమిదేళ్ళ ఉద్యోగం. ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదలు."

"ఏమిటే, పొలమారిందా?" భర్త నీళ్ళ సీసా అందించాడు.

ఆవిడ చేత్తో వద్దని ఊపి చివరి ముక్క చదివింది. షార్టువేవు విభాగాన్ని మూసేస్తున్నారు. ఆఖరి ప్రసారం ఫలానా తారీఖు సాయంత్రం. ఇంజినీరు గారు కూడా ఆ రోజే రిటైరవుతారు. మీకు బాగా వినపడే ఆ కొత్త బ్యాండు మీదే వస్తాం. తప్పకుండా విని రిపోర్టు పంపండి, ఆఫీసు ఇంకో నెల తెరిచి ఉంటుంది, రిటైరయినా ఆయన మీ అంకెల కోసం వచ్చి చూస్తుంటారు. ఆ ఫలానా తారీఖు ఇవాళే.

"ఏవండీ, అయిదంటే మంచిదట," అందావిడ మెల్లగా.

"ఏది?"

"రేడియోలో. అయిదు మంచిది, ఒకటి చెడ్డది."

"అదేం లెక్క? ఒకటో నంబరు బస్సు కంటే అయిదో నంబరు బస్సు మంచిదా?" ఆయనకి వెంటనే అర్థం కాలేదు. పక్క బల్ల అమ్మాయికి అర్థమైంది. ఆ పిల్ల నోటికి పైట అడ్డం పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వింది. నవ్వుతూనే, "అక్కా, నువ్వు బ్రహ్మాండంగా ఉందంటే వాళ్ళు ఏడ్చారు, నువ్వు చచ్చేలా ఉందంటే టీలు తాగారు!" అంది.

ఆవిడకి కూడా నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది. అయితే నవ్వు అయ్యాక చేతిలో ముద్దని డబ్బాలోనే వదిలేసింది. పాత బ్యాండు మీద ఆ ప్రోగ్రాం గంటలా మోగేది. కొత్త బ్యాండుకి వెళ్ళాక పక్కనే ఏదో దేశం వాళ్ళు గొంతు చించుకునే స్టేషను, ఈ ఊళ్ళో కరకర, ఎగుడుదిగుడు, అన్నీ చేరి ముక్కలు ముక్కలుగా వచ్చేది. ఇలా పాడుచేసిందెవరా అని ఆవిడ వాళ్ళ మీద చిరాకు పడింది కూడా. చేసింది తనే. ముప్పయ్యొక్క ఏళ్ళలో పగిలిన కప్పుని ఒకటో రకంలో వేయలేదు, మంచి కప్పుని బుట్టలో పారేయలేదు. ఆ ఒక్కటీ చెప్పుకోవడానికి ఉండేది. ఇప్పుడు బంగారంలాంటి స్టేషనుని అయిదో రకంలో కలిపేసింది. తనలాగే కిటికీల దగ్గర కూర్చున్న వాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారో, వాళ్ళ చెవుల్లో కూడా మన్ను పోసింది.

"ఇప్పుడేం చేస్తావ్ అక్కా?"

"వినాలి. ముందు ఇవాళ్టిది వినాలి. వినకుండా ఏం రాస్తాను?"

"విన్నాక ఏం రాస్తావ్?"

నిజం రాస్తే ఆ పెద్దాయన తాగిన టీ చేదైపోతుంది. రాయకపోతే తన చెవికి అబద్ధం అంటుకుంటుంది. మధ్యాహ్నం ఆవిడ ఒక కప్పుని రెండుసార్లు తట్టింది. పక్క బల్ల అమ్మాయి చూసి, చూడనట్టు ఊరుకుంది.

ఫ్యాక్టరీ బస్సు ఇంటి సందు దగ్గర దింపేసరికి అయిదూ యాభై. భర్త మెట్ల దగ్గరే ఎదురొచ్చాడు. ఆయన మధ్యాహ్నమంతా ఖాళీగా కూర్చోలేదు. మూడంతస్తుల ఆ బిల్డింగులో అందరికీ డ్రైవరు గొంతుతో చాటింపు వేసేశాడు, ఆరున్నర నుంచి ఏడు దాకా మా ఆవిడ విదేశాలతో మాట్లాడుతుందని.

"మాట్లాడటం కాదండీ, వినడం."

"వినడమంటే ఎవరూ ఖాతరు చేయరే. మాట్లాడుతుందన్నాను."

ఆయన కిందికి తెచ్చి ఉంచిన రేడియోని ఆవిడ చేత్తో పట్టుకుని అక్కడే కొత్త బ్యాండు పెట్టింది. బ్యాటరీల మీద నడుస్తోంది. స్పీకరులోంచి కందిరీగల తుట్టె కదిలినట్టు రొద. ఆవిడ కళ్ళు మూసుకుంది. రొద మొత్తాన్నీ ఒకటిగా వినడం మానేసి పాయలు తీసింది. "ఇందులో మన బిల్డింగువే నాలుగున్నాయి," అంది. "బుర్రుమనేది మోటారు. జీ అనేది మధ్యమధ్యలో మూలుగుతోంది, అది ఫ్రిజ్జుది. సన్నగా ఈలవేసేది ట్యూబులైటు. నాలుగోది టిక్కు టిక్కుమంటోంది, అదేమిటో తెలియటం లేదు. పదండి, ఆపిద్దాం."

మొదటి తలుపు కింది వాటా దర్జీది. ఆయన మోటారు మిషను మీద వంగి ఉన్నాడు.

"వదినా, రేపు పొద్దున్నే పన్నెండు జాకెట్లు ఇవ్వాలి. ఆపితే నన్ను కుట్టేస్తారు."

"ఆపొద్దు తమ్ముడూ. మోటారు తీసేసి కాలితో తొక్కు. అరగంటే."

"కాలితోనా? తొక్కి ఎన్నాళ్ళయిందో!" అంటూనే ఆయన బెల్టు మార్చాడు. బుర్రు ఆగిపోయింది. రేడియోలో నిజంగానే ఒక పాయ తగ్గింది. దర్జీ నోరు తెరుచుకుని చూశాడు. తన మిషను రేడియోలో కూడా పలుకుతోందని ఆయనకి అప్పటిదాకా తెలియదు. కాస్త గర్వపడ్డట్టే కనిపించాడు.

రెండో అంతస్తు పిన్నిగారిది ఫ్రిజ్జు. ఆవిడ తలుపు సగమే తీసింది.

"అరగంటలో పాలు విరిగితే?"

"విరిగితే మా ఇంట్లో పాలు మీకిస్తాను పిన్నిగారూ."

"మీ ఇంట్లో పాలెప్పుడూ నీళ్ళుగా ఉంటాయమ్మా," అని, మళ్ళీ ఏమనుకుందో, "సరే, మా ట్యూబులైటు కూడా ఆర్పుతాను. ఎలాగూ కళ్ళు మండుతున్నాయి. నేనూ వినొచ్చా?" అంది.

నాలుగోది మాత్రం దొరకలేదు. టిక్కు, టిక్కు. ఆరూ ఇరవై అయింది. ప్రతి తలుపు దగ్గరా రేడియో పెట్టి చూశారు. దర్జీ మిషను వదిలేసి వెనకాలే వచ్చాడు, పిన్నిగారు కొంగు బిగించి వెనకాలే వచ్చింది. అందరూ కలిసి ఊరేగింపులా మెట్లెక్కారు. మూడో అంతస్తులో, తమ సొంత గుమ్మం ముందు, టిక్కు ఒక్కసారిగా బలిసింది. లోపలికి వెళ్ళింది ఆవిడ. మంచం పక్కన గోడకి భర్త ఫోను చార్జరు, దానికి ఫోను లేదు, ఊరికే వేలాడుతోంది. పీకేసింది. టిక్కు పోయింది.

"ఫోను జేబులో పెట్టుకుని గోడకి చార్జింగు పెడతారా?"

"మర్చిపోయానే," అన్నాడాయన. జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

డాబా మీదికి చేరేసరికి పడమటి వైపు ఇంకా కాస్త ఎరుపు మిగిలి ఉంది. ఆవిడ పిట్టగోడ మీద రేడియో పెట్టి రాగితీగ తగిలించింది. తీగ కిందికి జారిపోతోంది. ఇంకా ఎత్తు కావాలి. దర్జీ కిందికి పరుగెత్తి తన కొట్లోంచి బూజుకర్ర తెచ్చాడు, ఇంత పొడుగుది. తీగ కొసని దాని తలకి చుట్టి భర్త చేతికిచ్చారు. పాతికేళ్ళు స్టీరింగు పట్టుకున్న మనిషి రెండు చేతులతో బూజుకర్రని ఆకాశంలోకి ఎత్తి నిలబడ్డాడు.

"ఎడమకి... ఇంకాస్త... అక్కడే. కదలకండి."

"దోమ కుడుతోందే."

"కుట్టనివ్వండి."

ఆరున్నర. ముల్లు వెంట్రుకవాసి. పక్క స్టేషను వాళ్ళు ఎప్పట్లాగే గొంతు చించుకుంటున్నారు, ఆకాశంలోని కరకర ఆకాశంలోనే ఉంది, దాన్ని ఎవరూ పీకలేరు. అయితే కిందినుంచి వచ్చే రొద పోయింది కాబట్టి, రెండింటి సందులోంచి ఆ గొంతు వచ్చింది. మిగతా ముగ్గురికీ అది వానలో ఎవరో మాట్లాడుతున్నట్టుంది. ఆవిడకి మాటలు మాటలుగా అందాయి. పెదవులు కదుపుతూ పక్కవాళ్ళకి చెబుతోంది, చేత్తో పుస్తకంలో రాసుకుంటోంది.

"ఇవాళ అక్కడ ఎండ కాసిందట... పాత ఉత్తరాలు చదువుతోంది... ఇది ఎవరో మాస్టారి ఉత్తరం... ఇప్పుడు పాట." పాట ఎగుడుదిగుడుగా వచ్చింది. దగ్గరకొచ్చినప్పుడు పిన్నిగారు తల ఊపింది, దూరం పోయినప్పుడు ఊపడం ఆపి ఎదురుచూసింది. దర్జీ గోడకి ఆనుకుని కూర్చుని, జాకెట్ల సంగతి మర్చిపోయి, మోకాలి మీద తాళం వేస్తున్నాడు.

ఏడుకి రెండు నిమిషాలుండగా గొంతు కాస్త మారింది. చిరునవ్వు దాచుకునే చోట ఇంకేదో ఉంది.

"ఏమంటోంది?" భర్త పైకెత్తిన చేతుల మధ్యలోంచి అడిగాడు.

"ష్. ఒక అక్కయ్యగారి కోసం తరంగం మార్చిన మా ఇంజినీరు గారు... ఇవాళ స్విచ్చి ఆయనే ఆపుతారు. ఆయనకి మన భాషలో ఒకే ఒక్క మాట నేర్పాను. ఆయన చెబుతారు."

కరకర పొంగింది. పక్క స్టేషను వాళ్ళు సరిగ్గా అప్పుడే బాజాలు మొదలెట్టారు. ఆవిడ స్పీకరుకి చెవి ఆనించి కళ్ళు గట్టిగా మూసుకుంది. నుదుటి మీద నరం లేచింది. అంత రభసకి అవతల, చాలా దూరంలో, ముసలి గొంతు ఒకటి మాట్లాడటం అలవాటు లేనిదానిలా గొంతు సవరించుకుని, ఒక్కో అక్షరం నేల మీద పెట్టి నడుస్తున్నట్టు పలికింది.

తర్వాత ఒక మెత్తటి నిశ్శబ్దం. స్టేషను ఇంకా ఉంది, ఎవరూ మాట్లాడటం లేదు అనే నిశ్శబ్దం. అది ఆరేడు క్షణాలు ఉంది. ఆ తర్వాత ఎవరో దుప్పటి లాగేసినట్టు అది కూడా పోయి, ఉత్త కరకర మిగిలింది.

"ఏమన్నాడే?"

"సెలవు అన్నాడు."

పిన్నిగారు ముక్కు తుడుచుకుని, "మంచి మనిషిలా ఉన్నాడు" అంది, ఆ సెలవు తనకి వినపడకపోయినా.

"నీ తప్పు సంగతి రాస్తావా మరి?" భర్త అడిగాడు.

ఆవిడ పుస్తకం మోకాలి మీద పెట్టుకుంది. అయిదు గళ్ళూ ఖాళీగా ఉన్నాయి. ఇవాళ విన్నదాన్ని కప్పులా చేతిలో తిప్పి చూసుకుంది. గొంతు బలం: గట్టిగా లేదు, మరీ బక్కగానూ లేదు. పక్క స్టేషను: అడ్డం వచ్చింది, పూర్తిగా మింగలేదు. కరకర: ఉంది, బిల్డింగు వాళ్ళ పుణ్యాన సగమే ఉంది. ఎగుడుదిగుడు: పాట పోయింది, పోయిన ప్రతిసారీ తిరిగొచ్చింది. ఎటు చూసినా నడిమి రకం. ఒక చుక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. మూడు. మూడు, మూడు, మూడు, మూడు.

వేసి, చూసి, ఒక్కసారిగా పకపకా నవ్వింది.

"ఏమిటే?"

"మూడండీ! ఒకటి నుంచి లెక్కపెట్టినా మూడే, అయిదు నుంచి లెక్కపెట్టినా మూడే. ఆయన అటునుంచి చదువుకోనీ, నేను ఇటునుంచి వేశాననుకోనీ, ఒకటే మాట."

భర్త కాసేపు వేళ్ళ మీద లెక్కపెట్టడానికి బూజుకర్రని చంకలో ఇరికించుకున్నాడు. లెక్క కుదిరింది. "భలేదానివే!" అన్న ఆయన కేకకి పక్క డాబా మీది కాకులు లేచాయి.

అంకెల కింద ఆవిడ తెలుగులో, ఒక్క చదివినావిడకి మాత్రమే అర్థమయ్యేలా, జరిగిందంతా రాసింది. ఫ్యాక్టరీ సంగతి, ఒకటో రకం సంగతి, పాత బ్యాండు మీద మీరు గంటలా మోగేవారన్న సంగతి. మీకు జలుబు చేసిందని అందుకే తెలిసింది. పెద్దాయనకి చెప్పాలో వద్దో మీ ఇష్టం. చెబితే మాత్రం ముందు టీ ఇప్పించి చెప్పండి. ఆయన చెప్పిన మాట నాకు అందింది. చివరి అక్షరం కాస్త పొడుగు చేశారు, అదే బాగుంది.

కింద ఒక్కొక్కటిగా దీపాలు వెలిగాయి. దర్జీకి జాకెట్లు గుర్తొచ్చి మెట్ల మీద దడదడా దిగాడు. పిన్నిగారు పాలు చూసుకోవడానికి వెళ్ళింది. ఆవిడ పుస్తకం, రేడియో చంకన పెట్టుకుని, రేపు పొద్దున వినడానికి, ఇవాళ తుమ్మినాయన ఏ బ్యాండులో ఉన్నాడో రాసి పెట్టుకున్నానా లేదా అని ఆలోచించుకుంటూ దిగింది. భర్త చేతులు దులుపుకుంటూ వెనకాల దిగాడు.

డాబా మీద నీళ్ళ ట్యాంకుకి ఆనించిన దర్జీ బూజుకర్ర, తలకి చుట్టిన రాగితీగ కొస గాలికి మెల్లగా కదులుతూ, ఆకాశం కేసి ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది.